విమానం పుట్టిన ఏడాది కాదు, చివరిసారి విప్పిన తేదీ అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ పత్రికలో ఒక శిక్షణ విమానం పొలంలో దిగిన వార్త చదివాను. కుర్ర పైలట్‌కీ ఇన్‌స్ట్రక్టర్‌కీ దెబ్బలేమీ తగల్లేదు, సంతోషం. శీర్షిక మాత్రం 'కాలం చెల్లిన విమానం'. లోపల 'నలభై ఏళ్ల నాటి డొక్కు' అని రెండుసార్లు రాశారు. మొదటి నుంచి చివరి దాకా చదివినా ఆ విమానానికి చివరిసారి ఏ పని జరిగింది, ఏ భాగం విప్పి బిగించారు, ఆ తర్వాత ఎన్ని గంటలు ఎగిరింది అనే ముక్క ఒక్కటీ కనపడలేదు. వయసు రాసి వదిలేశారు.

నాకది కాస్త కష్టంగా తోచింది. నాది తెనాలి. బేగంపేటలో ఫ్లయింగ్ క్లబ్ వర్క్‌షాపులో పుష్పక్ అనే చిన్న విమానాల దగ్గర చేతులకు గ్రీజు అంటించుకుంటూ పని నేర్చుకున్నాను. ఇప్పుడు అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో డేటన్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడి మెకానిక్ లైసెన్సు ఉంది. పైలట్ లైసెన్సు చాలా ఆలస్యంగా, మా ఆవిడ వద్దంటున్నా తీసుకున్నాను. మీ వార్త వచ్చిన రోజుల్లోనే నేను 1946లో తయారైన ఒక చిన్న విమానాన్ని పెద్ద రిపేరు తర్వాత మొదటిసారి గాల్లోకి తీసుకెళ్లాను. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

దాని పేరు ఏరాంకా ఛాంపియన్. ఇక్కడందరూ ఛాంప్ అంటారు. మాకు దగ్గర్లోనే ఉన్న మిడిల్‌టౌన్ అనే ఊళ్లో తయారైంది. ముందొకరు వెనకొకరు కూర్చునే రెండు సీట్లు, 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్, యాభై లీటర్ల లోపు పెట్రోలు. బ్యాటరీ లేదు, సెల్ఫ్ స్టార్టర్ లేదు. ఒక మనిషి ముందు నిలబడి ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. మన హెచ్‌ఏఎల్ 1958లో బెంగళూరులో ఎగరేసిన పుష్పక్‌కీ, ఇదే ఏరాంకా కంపెనీ చేసిన చీఫ్ అనే మోడల్‌కీ పోలికలు చాలా ఉన్నాయి. ఛాంప్ కవర్లు విప్పి లోపల చూసిన మొదటి రోజు నాకు బేగంపేట వర్క్‌షాపే గుర్తొచ్చింది.

యజమాని ఒక రిటైరైన హైస్కూల్ లెక్కల మాస్టారు. డెబ్బై దాటిన మనిషి. విమానం బాగానే ఎగురుతోంది కానీ బట్ట పాతబడింది, ఇంజిన్ నూనె తాగుతోంది. సరే, మొత్తం విప్పుదామన్నాను.

ఛాంప్ ఒంటికి రేకు ఉండదు. ఉక్కు గొట్టాల చట్రం, రెక్కల్లో స్ప్రూస్ చెక్కతో చేసిన పొడవాటి దూలాల్లాంటి స్పార్లు, వాటికి రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముకల్లాంటి అల్యూమినియం రిబ్బులు, వీటన్నిటి మీదా బిగించిన బట్ట. అప్పట్లో నూలు బట్ట వేసేవాళ్లు, ఇప్పుడు పాలిస్టర్. బట్ట తీసేశాక రెక్క స్పార్లను లైటు పెట్టి, భూతద్దం పెట్టి అంగుళం అంగుళం చూశాం. ఎప్పుడో ఏళ్ల కిందట రెక్క చివర నేలకు తగిలి ఉంటే చెక్కలో నారకు అడ్డంగా వెంట్రుకంత గీత పడుతుంది. అది బయటికి కనపడదు, బరువు పడ్డప్పుడు మాత్రం అక్కడే విరుగుతుంది. మా అదృష్టం, స్పార్లు బాగున్నాయి. తోక దగ్గర కింది గొట్టాలు మాత్రం బాగాలేవు. ఈ విమానం తోక నేలకు ఆని నిలబడుతుంది కాబట్టి లోపలికి చేరిన తేమ అంతా వెనక్కే జారుతుంది. మొన ఉన్న పనిముట్టుతో పొడిస్తే ఒకచోట గొట్టంలోకి దిగిపోయింది. ఆ ముక్క కోసి కొత్త గొట్టం వెల్డింగ్ చేయించాం.

వయసు వల్ల నష్టం లేదని నేను అనడం లేదు. తుప్పు వయసుతోనే వస్తుంది. చెక్క వయసుతోనే పాడవుతుంది. కానీ బట్ట విప్పి చూసిన వాడికే అది తెలుస్తుంది, చూశాక దాన్ని బాగుచేసే పద్ధతి ఉంది, చేసిన పని రాసి సంతకం పెట్టే పుస్తకం ఉంది. 1946లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన భాగాలు ఇప్పుడీ ఛాంప్‌లో ఎన్ని మిగిలాయో మాస్టారూ నేనూ ఒకరోజు లెక్కేయబోయి మధ్యలో మానేశాం.

కొత్త బట్ట వేయడం నాకు బాగా ఇష్టమైన పని. పాలిస్టర్ బట్టను చట్రానికి వదులుగా అతికించి, ఇంట్లో వాడే ఇస్త్రీపెట్టెతోనే వేడి చేస్తాం. వేడికి బట్ట ముడుచుకుని బిగుస్తుంది. ఆఖరి విడత వేడి 350 డిగ్రీల ఫారెన్‌హీట్. అది దాటితే బట్ట మళ్లీ వదులవుతుంది. అందుకని ఇస్త్రీపెట్టె మీదున్న గుర్తుల్ని నమ్మకుండా థర్మామీటరు పెట్టి చూసుకోవాలి. బిగిసిన బట్టను వేలితో కొడితే మద్దెల మీద కొట్టినట్టు మోగుతుంది. తర్వాత మైనం పట్టించిన దారంతో రెక్క పైనుంచి కిందకు, కిందనుంచి పైకి ఒక్కొక్క రిబ్బుకీ కుట్లు. ఇవతల ఒకరు, అవతల ఒకరు నిలబడి పొడవాటి సూదిని ఇచ్చిపుచ్చుకోవాలి. ఒక మధ్యాహ్నం మా ఆవిడ భోజనం పట్టుకొచ్చి, ఈ కుట్టు నాకు ఇంకా బాగా వచ్చంటూ కూర్చుని చాలాసేపు చేసింది. ఆమె వేసిన ముళ్లు నా ముళ్ల కంటే వరసగా ఉన్నాయి. తనిఖీ చేసి సంతకం పెట్టింది మాత్రం నేనే, చట్టం అలా ఉంది.

ఇంజిన్‌కు కొత్త సిలిండర్లు, పిస్టన్లు, రింగులు. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండూ బాగుచేయించాం. రెక్కలు ఎక్కించి, కేబుళ్లు కలిపి, వాటి బిగువు సర్దే టర్న్‌బకిళ్లకు సేఫ్టీ వైరు చుట్టాం. తూకం వేశాం, ఎందుకంటే కొత్త రంగు కూడా బరువే.

విమానం తళతళలాడుతోంది. చూసినవాళ్లందరూ కొత్తదానిలా ఉందన్నారు. నా మటుకు నాకు ఆ విమానం పనికి ముందు కంటే ఆ రోజే ఎక్కువ భయం పుట్టించింది. మీ విలేకరికి నేను చెప్పాలనుకున్నది ఇదే. పనికి ముందు అది నూనె తాగే ముసలి విమానం, కానీ దాని సంగతులన్నీ మాస్టారికి తెలుసు. పని అయ్యాక వందల బోల్టులు మనుషులు విప్పి మళ్లీ బిగించినవి. వాటిలో ఒక్కటి మరిచినా గాల్లోకి వెళ్లాకే తెలుస్తుంది.

ఇది నేనొక్కడినే అంటున్న మాట కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంలో సముద్రం మీద గస్తీ తిరిగే కోస్టల్ కమాండ్ తన లిబరేటర్ విమానాల రిపేరు లెక్కలు సి.హెచ్. వాడింగ్టన్ అనే శాస్త్రవేత్తకూ ఆయన బృందానికీ ఇచ్చింది. ఆ విమానాలకు 50 గంటలకోసారి తనిఖీ చేసేవాళ్లు. తనిఖీ తర్వాత లోపాలు తగ్గాలి కదా. లెక్క తీస్తే, తనిఖీ అయిన వెంటనే అనుకోని రిపేర్లు ఎక్కువయ్యాయి, విమానం ఎగిరిన కొద్దీ తగ్గుతూ వచ్చాయి. బాగున్నదాన్ని ఊరికే కదిలించడం వల్ల కూడా చెడుతుందని అప్పుడు తేలింది. తనిఖీలు మానేయమని దీనికి అర్థం కాదు. తనిఖీ నుంచి బయటికొచ్చిన విమానాన్ని అనుమానంగా చూడమని అర్థం.

లాంకాస్టర్ బాంబర్‌ను డిజైన్ చేసిన రాయ్ చాడ్విక్ ఎలా పోయాడో చూడండి. 1947 ఆగస్టు 23న మాంచెస్టర్ దగ్గర వుడ్‌ఫర్డ్‌లో తాను రూపొందించిన ట్యూడర్ విమానంలోనే బయల్దేరాడు. ఎలరాన్ అంటే రెక్క చివర వెనక అంచున పైకీ కిందకీ ఆడే పలక. ముందు రాత్రి సర్వీసింగ్‌లో ఎలరాన్ కేబుళ్లు తారుమారుగా కలిపారు. పైలట్ ఒకవైపు వంచితే విమానం రెండోవైపు ఒరిగింది. చాడ్విక్‌తో కలిపి మొత్తం నలుగురు చనిపోయారు. ఆ విమానం కొత్త నమూనా, మీ శీర్షిక దానికి అతకదు. ఇంత చరిత్ర ఉన్నా 2018 నవంబరు 11న పోర్చుగల్‌లో అదే జరిగింది. పెద్ద మెయింటెనెన్స్ ముగించుకుని బయల్దేరిన కజకిస్థాన్ సంస్థ ఎయిర్ అస్తానా వారి ఎంబ్రాయర్ జెట్‌లో ఎలరాన్లు తిరగబడి పనిచేశాయి. పైలట్లు మేఘాల్లో విమానాన్ని అదుపు చేయలేక నానా తంటాలు పడ్డారు, రెండు ఎఫ్-16 యుద్ధ విమానాలు తోడొచ్చి దారి చూపాయి, చివరికి మూడో ప్రయత్నంలో బేజా విమానాశ్రయంలో దిగగలిగారు. అందరూ బతికారు. అదీ ముసలి విమానం కాదు.

కంట్రోళ్లు చూసుకునే పద్ధతి తెలిస్తే ఈ తప్పు నేల మీదే దొరుకుతుంది. స్టిక్ (పైలట్ చేతిలో ఉండే కంట్రోలు కర్ర) పట్టుకుని బొటనవేలు పైకి నిలబెట్టండి. స్టిక్‌ను ఎడమకు వంచితే బొటనవేలు ఎడమ రెక్కను చూపిస్తుంది, ఆ రెక్క మీది ఎలరాన్ పైకి లేవాలి. కుడికి వంచితే కుడిది లేవాలి. చాలామంది స్టిక్‌ను గిరగిరా తిప్పి 'ఫ్రీగా కదులుతోంది' అనుకుని వెళ్లిపోతారు. కదులుతోందా అని కాదు, ఎటు కదులుతోంది అని చూడాలి. ఛాంప్‌కు నేను లోపల కూర్చుని వంచుతుంటే మా షాపు కుర్రాడు బయట నిలబడి గట్టిగా చెప్పాడు. తర్వాత వాణ్ని లోపల కూర్చోబెట్టి నేను బయట నిలబడి చెప్పాను.

ఇక మాస్టారితో గొడవ. మొదటి ప్రయాణంలో వెనక సీట్లో తానూ కూర్చుంటానన్నాడు. నా విమానం, నా డబ్బు, నా ప్రాణం అన్నాడు. ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నియమం స్పష్టంగా ఉంది: విమానం ఎగిరే తీరు మారే అవకాశం ఉన్న పని జరిగితే, తగిన లైసెన్సు ఉన్న పైలట్ ముందు ఒకసారి ఎగిరి, చేసిన పనిని గాల్లో పరీక్షించి, ఆ సంగతి విమానం రికార్డులో రాసేదాకా ప్రయాణికులను ఎక్కించకూడదు. యజమాని అయినా సరే, విమానం నడపడానికి ఆయన అవసరం లేనప్పుడు ఆయన ప్రయాణికుడే. నేను ఆ పేజీ తీసి చూపించాను. ఆయన లెక్కల మాస్టారు కాబట్టి రెండుసార్లు చదివి, ఒప్పుకుని, ముఖం మాడ్చుకుని కుర్చీ తెచ్చుకుని రన్‌వే పక్క గడ్డిలో కూర్చున్నాడు.

గాలి లేని ఉదయం చూసుకున్నాం. నిజం చెప్పాలంటే టెన్షన్‌గానే ఉంది. చక్రాలకు దిమ్మలు పెట్టి, తోకను తాడుతో కట్టి, కుర్రాడు ప్రొపెల్లర్ దగ్గర నిలబడ్డాడు. 'స్విచ్ ఆఫ్' అన్నాడు, నేనూ అన్నాను. 'కాంటాక్ట్' అన్నాడు, స్విచ్ వేసి నేనూ అన్నాను. ఇంజిన్ అందుకుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా నా కళ్లు ఇంక దేన్నీ చూడలేదు.

కొత్త సిలిండర్ల ఇంజిన్‌తో ఒక చిక్కుంది. మనకు భయంగా ఉంటుంది కాబట్టి మెల్లగా, సుతారంగా నడపాలనిపిస్తుంది. ఇంజిన్‌కు కావలసింది సరిగ్గా దానికి ఎదురు. కొత్త రింగులు సిలిండర్ గోడకు ఒరుసుకుని కుదురుకోవాలంటే పవర్ ఎక్కువ ఉండాలి. నేల మీద ఊరికే తిప్పినా, గాల్లో నెమ్మదిగా నడిపినా గోడల మీద నూనె మాడి నున్నటి పొర కడుతుంది. ఇక రింగులు కుదురుకోవు, ఇంజిన్ నూనె తాగడం మానదు. మొదటి గంటల్లో మామూలు నూనె కాకుండా ఏమీ కలపని మినరల్ ఆయిల్ పోసేదీ ఇందుకే. అందుకని మాగ్నెటోలు రెండూ చూసుకుని, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ చేరాల్సిన చుట్లు చేరుతోందని చూసుకుని, నేల మీద ఆలస్యం చేయకుండా బయల్దేరాను.

ఇంజిన్ ఆగిపోతే ఏం చేయాలో ముందే అనుకున్నాను. తక్కువ ఎత్తులో వెనక్కి తిరగకూడదు, ఎదురుగా ఉన్న సోయాబీన్ చేలో దిగాలి. ముందు రోజు సాయంత్రం ఆ చేను గట్టంతా నడిచి చూశాను, ఎక్కడ కాలవ ఉందో గుర్తుపెట్టుకున్నాను. రైతు పలకరిస్తే సంగతి చెప్పాను. పంట నష్టం ఎవరిస్తారని నవ్వాడు. మాస్టారిని అడగమన్నాను.

తోక లేచింది, ఇంకాస్త దూరం పోయాక చక్రాలు నేల వదిలాయి. విమానాశ్రయం దాటి పోకుండా, ఎప్పుడు ఇంజిన్ ఆగినా రన్‌వే మీదకు జారి రాగలిగేలా, పైనే చుట్లు కొడుతూ ఎత్తుకు ఎక్కాను. ఆయిల్ ప్రెషర్, ఆయిల్ వేడి, మళ్లీ ప్రెషర్. కిటికీలోంచి ఎండ పడి కొత్త బట్ట పసుపు రంగు మెరుస్తోంది కానీ ఆస్వాదించే స్థితిలో లేను. పైకి వెళ్లాక స్టిక్ మీద చేయి తీసి చూస్తే ఎడమ రెక్క నెమ్మదిగా వాలుతోంది. ప్రమాదం కాదు, చేయి ఆనించి ఉంచితే చాలు; కానీ రెక్కను కింద నుంచి పట్టి ఉంచే వెనక స్ట్రట్‌ను కాస్త సర్దాలని అర్థమైంది. కావాలనే వేగం తగ్గించి స్టాల్ చేశాను, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితికి తెచ్చాను. గంటకు నలభై మైళ్ల లోపు దాకా తేలుతూ వచ్చి, నిదానంగా ముక్కు దించింది. రెండు రెక్కలూ సమంగా వదిలాయి. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

దిగాక మాస్టారు లేచి వచ్చేలోపే ఇంజిన్ మూతలు తీసేశాను. ఒక పుష్‌రాడ్ గొట్టం మొదట్లో నూనె చెమ్మ. ముందే అనుకున్నదే, కొత్త సీళ్ల దగ్గర అలా అవుతుంది. బాగుచేసి, స్ట్రట్ సర్ది, మళ్లీ ఒంటరిగానే ఎగిరి, లాగ్ పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాతే మాస్టారికి వెనక సీటు. ఆయనతో ఎగిరినప్పుడు ఆయన పూర్తిగా కిందకు చూస్తూ, అదిగో మా స్కూలు, అదిగో మా చెల్లెలి ఇల్లు అంటూనే ఉన్నాడు. ఎడమ రెక్క గురించి ఒక్క మాటా అడగలేదు.

ఇప్పుడు మీ వార్త సంగతి. మన ఫ్లయింగ్ స్కూళ్లలో చాలాచోట్ల సెస్నా 152లు ఉన్నాయి. వాటి తయారీ 1985లోనే ఆగిపోయింది. అంటే ప్రపంచంలో ఎక్కడి 152నైనా చూసి 'నలభై ఏళ్ల నాటిది' అని రాయవచ్చు, అందులో వార్త ఏముంది? మన వైమానిక దళం 2021 రిపబ్లిక్ డే నాడు రాజ్‌పథ్ మీద ఎగరేసిన 'పరశురామ' అనే డకోటా రవాణా విమానం రెండో ప్రపంచ యుద్ధం నాటి రకం. అప్పుడు మీ పత్రికే దాన్ని 'గర్వకారణం' అంది. బాగానే అంది. విమానం సురక్షితంగా దిగితే వారసత్వం, పొలంలో దిగితే డొక్కు అంటే ఎలా?

మన దగ్గరా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు ఉన్నాయి. ప్రతి పని తర్వాత లైసెన్సున్న ఇంజినీరు సంతకం ఉండాలి, ఎగరడానికి యోగ్యమా కాదా అని ఏటా సమీక్ష జరగాలి. కాబట్టి విలేకరి అడగడానికి ప్రశ్నలున్నాయి. ఆఖరి 50 గంటల లేదా 100 గంటల చెక్ ఎప్పుడయింది? ఆ తర్వాత ఇది ఎన్నో ప్రయాణం? ఏ భాగం విప్పారు? విప్పి బిగించాక మొదట ఎవరు ఎగిరారు, అప్పుడు పక్కన విద్యార్థి ఉన్నాడా? సంతకం పెట్టిన ఇంజినీరు ఆ రోజు ఎన్ని విమానాలు చూడాల్సి వచ్చింది? ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి. హ్యాంగర్లలో సరిపడా మనుషులు లేకుండా, పొద్దున్నే పిల్లల స్లాట్లు ఉన్నాయని రాత్రి తొందరపెడితే ఏమవుతుందో ఆ పని చేసినవాళ్లకు తెలుసు. స్కూలు జవాబు చెప్పకపోతే చెప్పలేదని రాయండి, అది వార్త.

లక్షలు పోసి పిల్లల్ని పైలట్ శిక్షణకు పంపే తల్లిదండ్రులు కూడా హ్యాంగర్‌కు వెళ్లినప్పుడు విమానం రంగు, సీటు కవర్లు చూసి రాకండి. పిల్లలకు లాగ్ పుస్తకం చదవడం వచ్చో రాదో అడగండి. సర్వీసింగ్ నుంచి అప్పుడే వచ్చిన విమానం ఇస్తే, ముందు ఇన్‌స్ట్రక్టర్ ఒక చుట్టు తిప్పి రమ్మని అడిగే ధైర్యం పిల్లలకు ఉండాలి. అడిగితే కోప్పడే స్కూలు అయితే ఆ కోపం సంగతి ఫీజు కట్టకముందే తెలుసుకోవడం మంచిది.

మరో చిన్న విషయం. ఆ వార్తలో విమానం సెస్నా 152 అని రాసి, పక్కన సెస్నా 172 ఫొటో వేశారు. 152కి రెండే సీట్లు, 172కి నాలుగు. వీలైతే సవరణ వేయగలరు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
డేటన్, ఒహాయో